ఓక్లహోమా పబ్లిక్ స్కూళ్లు: తొమ్మిదేళ్లు పిల్లల్ని పంపిన తల్లిగా నా రివ్యూ

మొన్న కాకినాడ నుంచి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, పాపని పబ్లిక్ స్కూల్లో వేయొచ్చా, అప్పు చేసైనా ప్రైవేటులో వేయాలా? నెట్‌లో చూస్తే అమెరికా రాష్ట్రాల్లో ఓక్లహోమా ర్యాంకు కింద నుంచి వెతుక్కోవాల్సి వస్తోంది, టెన్షన్‌గా ఉంది" అని అడిగింది. గంట మాట్లాడినా సగమే చెప్పగలిగాను. ప్రతి ఎండాకాలం ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు కాబట్టి ఒకసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, వేయండి. 5కి 3.5 స్టార్లు ఇస్తాను. ఆ పోయిన ఒకటిన్నరలో టీచర్ల తప్పు వీసమెత్తు కూడా లేదు. అది డబ్బు తప్పు, ఆ డబ్బు ఎవరి దగ్గర వసూలు చేయాలో తేల్చుకోలేక రాష్ట్రం పోగొట్టుకున్న ఏళ్ల తప్పు. ఆ కథ తెలియకపోతే ఈ స్కూళ్లు అర్థం కావు, అందుకే రివ్యూలో సగం చమురు పన్ను గురించే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మేం 2016లో వచ్చాం. మా వారిది చమురు పైపులైన్లకు సాఫ్ట్‌వేర్ చేసే పని, మొదట్లో కుషింగ్ దగ్గర ఉండేవాళ్లం. చిన్న ఊరే కానీ అమెరికా ముడి చమురు ధర చెప్పేటప్పుడు అక్కడ అప్పగించే చమురుకే ధర కడతారు, ఊరి చుట్టూ ఎటు చూసినా తెల్లటి పెద్ద పెద్ద ట్యాంకులే. పాప నాలుగో క్లాసు. మా బాబు అప్పుడు ఏడాది పిల్లాడు. నేను పుట్టింది అమలాపురం దగ్గర, 1995లో పాసర్లపూడి బావి అంటుకుని రెండు నెలల పైగా మండినప్పుడు నేను టెన్త్, రాత్రిళ్లు ఆకాశం ఎర్రగా ఉంటే డాబా మీద నిలబడి చూసేవాళ్లం. కాబట్టి నేల కింద చమురు, నేల మీద మామూలు జనం అంటే నాకు కొత్తేం కాదు. ఇక్కడ కొత్తగా అనిపించింది ఏమిటంటే, స్కూలుకు వెళ్లే దారిలో పొలాల్లో గుర్రం తలలా పైకీ కిందికీ ఊగే పంపులు రాత్రీ పగలూ చమురు తోడుతూనే ఉంటాయి, ఆ దారి చివర ఉన్న స్కూల్లో మాత్రం ఫొటోకాపీకి కాగితాలు ఉండవు.

మంచివి ముందు. నాలుగేళ్ల పిల్లలందరికీ ఫ్రీ ప్రీ-కె (కిండర్‌గార్టెన్‌కి ముందు ఏడాది) ఈ రాష్ట్రంలో 1998 నుంచే ఉంది, అమెరికాలో చాలా రాష్ట్రాలకు ఈరోజుకీ లేదు. మా వాడికి మాటలు ఆలస్యంగా వచ్చాయి, మూడేళ్లు నిండగానే స్కూలు వాళ్లే పరీక్ష చేసి స్పీచ్ థెరపీ మొదలుపెట్టారు, ఒక్క డాలరు తీసుకోలేదు. ఆ థెరపిస్టు నాతో, "ఇంట్లో తెలుగే మాట్లాడండి, ఇంగ్లీషు మేం చూసుకుంటాం" అంది. వాడి నోటి నుంచి "అమ్మా నీళ్లు" అని వరసగా రెండు మాటలు వచ్చిన రోజు నేను మొదట ఫోన్ చేసింది మా అమ్మకి కాదు, ఆవిడకే. బస్సు ఫ్రీ. పాపకి మొదటి ఏడాది ఇంగ్లీషుకు విడిగా క్లాసు పెట్టారు. టీచర్లు మన పిల్లల పేర్లు నేర్చుకుని పలుకుతారు, తప్పు పలికితే మళ్లీ అడిగి మరీ దిద్దుకుంటారు. ఇవన్నీ ప్రైవేటులో దొరుకుతాయని గ్యారంటీ లేదు, స్పీచ్ థెరపీ అయితే బయట చేయించుకోవాల్సిందే.

ఇక కష్టాలు. మా మొదటి స్కూలు వారానికి నాలుగు రోజులే. అది పండగనుకునేరు, డబ్బు మిగుల్చుకోవడానికి శుక్రవారం మూసేసేవాళ్లు. అప్పట్లో రాష్ట్రంలో ఉన్న 500 పైచిలుకు స్కూల్ డిస్ట్రిక్టుల్లో (ఒక ప్రాంతం స్కూళ్లను నడిపే సంస్థలు) దాదాపు ఐదో వంతు ఇదే పద్ధతిలో నడిచాయి. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇల్లయితే ఆ శుక్రవారం పిల్లల్ని ఎక్కడ వదలాలి? పక్కింటావిడ చూసుకునేది, ఆవిడకి రోజుకింతని ఇచ్చేవాళ్లం. ఫ్రీ అనుకున్న చదువుకు ఆ ఖర్చు ఎక్కడా రాసి ఉండదు.

స్కూలు తెరిచే ముందు ఇచ్చే సామాన్ల లిస్టులో పెన్సిళ్లతో పాటు తెల్ల కాగితాల కట్టలు, టిష్యూ డబ్బాలు, బోర్డు తుడిచే గుడ్డలు కూడా ఉండేవి. ఒక సాయంత్రం బట్టల షాపుకి వెళ్తే బిల్లు కౌంటర్ దగ్గర పాప క్లాస్ టీచర్! పాప సంబరంగా పరిగెత్తుకెళ్లి కావిలించుకుంది, ఆవిడ నవ్వుతూనే ఉంది, నాకు మాత్రం ఎక్కడ చూడాలో తెలియలేదు. పొద్దున్న ఇరవై ఎనిమిది మంది పిల్లలు, సాయంత్రం నిలబడి బిల్లింగు, శని ఆదివారాలు పేపర్లు దిద్దుకోవడం. మన ఊళ్లో మాస్టారు కనబడితే సైకిల్ దిగి పక్కకి నిలబడేవాళ్లం, అలా పెరిగిన మనిషిని.

2017 ఆగస్టులో పాప ఐదో క్లాసు సోషల్ పుస్తకం తెచ్చుకుంది. వెన్నుకి వెండి రంగు టేపు, అట్ట ఒక చేతిలో లోపలి కాగితాలు ఇంకో చేతిలో పట్టుకోవాలి. వెనకాల ప్రెసిడెంట్ల లిస్టు జార్జ్ బుష్ దగ్గర ఆగిపోయింది, ఒబామా వచ్చి ఎనిమిదేళ్లు చేసి వెళ్లిపోయినా ఆ పుస్తకానికి తెలియదు. లోపలి అట్ట మీద పుస్తకం ఏ ఏడాది ఎవరి దగ్గర ఉందో రాసుకునే గీతల ముద్ర ఒకటి ఉంటుంది. గీతలన్నీ నిండిపోయాయి. మా పాప కింద పెన్నుతో స్కేలు పెట్టి ఇంకో గీత గీసుకుని పేరు రాసుకుంది. దానికంటే ముందు ఇంకో ఇద్దరు పిల్లలు కూడా అలాగే గీసుకున్నారు.

ఇదంతా ఎందుకు జరిగింది అని అడిగితే మా వారి ఆఫీసులో ఒక జవాబు, స్కూల్లో ఒక జవాబు చెప్పేవాళ్లు, నేను రెండూ విన్నాను.

ఇక్కడ నేల నుంచి తీసిన చమురు, గ్యాస్ విలువ మీద రాష్ట్రం వేసే పన్నుని గ్రాస్ ప్రొడక్షన్ టాక్స్ అంటారు. బావికి వేరే ఆస్తి పన్ను ఉండదు, దాని బదులు ఇదే. అసలు రేటు 7 శాతం. కానీ 2014లో చేసిన చట్టం ప్రకారం కొత్త బావికి మొదటి 36 నెలలు 2 శాతమే, ఆ తర్వాత 7. వినడానికి బాగానే ఉంటుంది, కొత్తగా తవ్వేవాళ్లకి ఊరట అనుకుంటాం. కిటుకు ఎక్కడుందంటే, ఇప్పటి పద్ధతిలో రాతి పొరల్లో అడ్డంగా తవ్వే బావులు తొలి రెండు మూడేళ్లలోనే పొంగినంత పొంగి తర్వాత బాగా తగ్గిపోతాయి. చెరకు గానుగలో మొదటి రసం దిగినంతసేపూ తక్కువ పన్ను, పిప్పి మిగిలాక పూర్తి పన్ను అన్నమాట. ఇది నాకు అర్థమయ్యేలా చెప్పింది టీచర్లు కాదు, నిలువు బావులున్న ఒక ముసలాయన, మేం అద్దెకున్న ఇంటి ఓనరు. ఆయన పాత బావులు రోజుకు కొద్ది పీపాలే ఇస్తాయి, అయినా 7 శాతం కట్టేవాడు, పక్కనే వేలకొద్దీ పీపాలు తోడే పెద్ద కంపెనీ 2 కట్టేది. 2017లో అలాంటి చిన్న చమురు వ్యాపారులే ఒక సంఘం పెట్టుకుని పెద్ద బావులకు కూడా 7 వేయండని అడిగారు. చమురు వాళ్లంతా ఒకవైపు, టీచర్లంతా ఇంకోవైపు అని ఎవరైనా చెబితే నమ్మకండి.

అదే 2014లో ధర కూలిపోయింది. పీపా వంద డాలర్ల పైనుండి 2016 మొదట్లో 30 కిందికి జారింది. ఇటు ఆదాయ పన్ను పై శ్లాబు కూడా తగ్గించుకుంటూ వచ్చి 2016లో 5 శాతం చేశారు. రాబడి మూడు వైపులా తగ్గాక ఎక్కడ కోస్తారు? టీచర్లకి 2008 తర్వాత రాష్ట్రం జీతం పెంచలేదు. కొత్త టీచరు కనీస జీతం అప్పట్లో ఏడాదికి 31,600 డాలర్లు. 2016లో స్టేట్ టీచర్ ఆఫ్ ది ఇయర్ అయిన ఆయన మరుసటి ఏడాది టెక్సస్ వెళ్లిపోయాడు, అక్కడ జీతం అంత ఎక్కువ. 2016 నవంబరులో టీచర్ల కోసం సేల్స్ టాక్స్ డాలరుకు ఒక సెంటు పెంచుదామని ఓటింగు పెడితే జనం ఓడించారు. బియ్యం కొన్నా బట్టలు కొన్నా పన్ను కట్టే మామూలు వాళ్ల మీదే మళ్లీ ఎందుకు అనేది వాళ్ల బాధ, నాకూ అది న్యాయంగానే తోచింది.

పన్ను పెంచడం ఇక్కడ అంత తేలిక కూడా కాదు. 1990లో స్కూళ్ల కోసమే పన్నులు పెంచితే కోపం వచ్చి 1992లో జనమే ఓటేసి ఒక నిబంధన పెట్టారు, రెండు సభల్లోనూ నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకుంటేనే పన్ను పెరుగుతుంది. కింది సభలో 101 మందికి 76, పై సభలో 48కి 36. 2017 నవంబరులో పన్నులు పెంచే బిల్లు కింది సభలో 71 దగ్గర ఆగిపోయింది. 2018 ఫిబ్రవరిలో 63. ఆ రెండు రాత్రులూ లెక్కింపు చూస్తూ కూర్చున్నాను, మాకు ఇక్కడ ఓటు లేదు, అయినా మా ప్రాంతం సభ్యుడి ఆఫీసుకి ఫోన్ చేసి నా మాట చెప్పాను. పిల్లలు ఆ స్కూల్లో చదువుతున్నారు కదా, చెప్పే హక్కు ఉందనుకున్నాను. వాళ్లు మర్యాదగానే విన్నారు. మీరూ చేయండి, వీసా మీద ఉన్నాం మనకెందుకు అనుకోవద్దు.

ఇంట్లో మాత్రం గొడవే. మా వారి భయం నిజమైనదే. "పన్ను పెంచితే బావులు తవ్వే రిగ్గులు టెక్సస్ పోతాయి, ప్రాజెక్టులు ఆగితే ముందు తీసేది కాంట్రాక్టు వాళ్లనే, మనల్నే" అనేవారు. తెలుగువాళ్ల పాట్‌లక్‌లో కూడా ఇదే మాట, అక్కడ సగం మందికి జీతం ఏదో రకంగా చమురు నుంచే వస్తుంది. నేను అడిగింది ఒక్కటే, టెక్సస్‌లో చమురుకు 4.6 శాతం, గ్యాస్‌కు 7.5 శాతం కడుతున్న కంపెనీ ఇక్కడ 5 అంటే పారిపోతుందా? చమురున్న రాయి ఎక్కడుంటే రిగ్గు అక్కడికే వస్తుంది కదా? ఆయన ఇంకో మాట కూడా అన్నారు, చమురు ధర ఉయ్యాల లాంటిది, దాని మీద పిల్లల చదువు కడితే ఉయ్యాల కిందికొచ్చినప్పుడు చదువు కూడా కిందికొస్తుంది అని. దానికి నా దగ్గర అప్పుడు జవాబు లేదు. 2020 ఏప్రిల్ 20న మా కుషింగ్ చమురు ధరే మైనస్ 37 డాలర్లకు పోయినప్పుడు ఆయన మాట గుర్తొచ్చింది. కాబట్టి చమురొక్కటే కాదు, ఆదాయ పన్ను కోసుకుంటూ పోవడం కూడా ఆపాలి, బాగున్న ఏడాదిలో పక్కకి దాచాలి. కానీ ఉయ్యాల పైకి వెళ్లినప్పుడు కూడా 2 శాతమే తీసుకుంటే ఇక దాచేదేముంటుంది?

చివరికి టీచర్లు తేదీ పెట్టారు. 2018 ఏప్రిల్ 2 లోపు తేల్చకపోతే స్కూళ్లు మూసి రాజధానికి వస్తామన్నారు. మార్చి 26న కింది సభలో 79, మార్చి 28న పై సభలో సరిగ్గా 36. ఒక్కటి తగ్గినా పోయేది. మర్నాడు గవర్నర్ మేరీ ఫాలిన్ సంతకం పెట్టారు. కొత్త బావుల పన్ను 2 నుంచి 5 అయింది, సిగరెట్ పెట్టెకు డాలరు, పెట్రోలు గ్యాలనుకు 3 సెంట్లు, డీజిలుకు 6 సెంట్లు పెరిగాయి. టీచర్లకు సగటున 6,100 డాలర్ల పెంపు. 1990 తర్వాత ఆ సభల్లో పన్ను పెరగడం అదే మొదటిసారి.

అయినా టీచర్లు వచ్చారు, ఎందుకంటే జీతం పెరిగింది కానీ క్లాసులోకి పుస్తకాలు, కాగితాలు, మనుషులు రావడానికి పెట్టింది చాలా తక్కువ, పైగా హోటల్ గదుల మీద వేసిన 5 డాలర్ల పన్నును వెంటనే వెనక్కి తీసుకునే పని మొదలైంది. ఏప్రిల్ 2న వేలమంది. నేను రెండో రోజు వెళ్లాను, పాపని నడిపించుకుంటూ, వాడిని స్ట్రోలర్‌లో పెట్టుకుని, పెద్ద అల్యూమినియం ట్రేలో పులిహోర కట్టుకుని. ఓక్లహోమా గాలి సంగతి తెలిసిందే, నినాదాలు రాసిన అట్టలు చేతుల్లో నిలవట్లేదు. చాలామంది తమ క్లాసులోని చిరిగిన పుస్తకాలే పట్టుకొచ్చి ఎత్తి చూపిస్తున్నారు, మా పాప "అమ్మా, నా పుస్తకం" అని అరిచింది, దానిదీ అదే పుస్తకం, ఇంకో ఊరిది. ఇంకో సంగతి, ఆ అసెంబ్లీ భవనం ఎదురుగానే చమురు తవ్విన ఇనుప టవరు నిలబడి ఉంటుంది, 1940లలో పూలమడిలో నుంచి భవనం కిందికి ఏటవాలుగా తవ్విన బావి, పూల పేరుతోనే పెటూనియా అంటారు. దాని నీడలో కూర్చుని పులిహోర తిన్నాం. ఒక టీచరమ్మ పల్లీలు ఏరుకుని తింటూ, ఇరవై రెండేళ్ల సర్వీసు, మూడు ఉద్యోగాలు అని చెప్పింది.

ఆ వారంలోనే గవర్నర్ టీవీలో, టీచర్లు ఇంకా కావాలనడం టీనేజ్ పిల్లలు ఇంకా మంచి కారు కావాలని అడిగినట్టుందన్నారు. మర్నాడు భవనం లోపల వందలమంది కారు తాళాలు తీసి ఊపారు, ఆ గలగల చప్పుడు వీడియోలో విన్నా నాకు ఒళ్లు జలదరించింది. వాకౌట్ ఏప్రిల్ 12న ముగిసింది. అడిగిందంతా రాలేదు. పన్నును ప్రజల ఓటుతో రద్దు చేయించాలని ఒక గుంపు సంతకాలు మొదలుపెడితే జూన్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆపింది. చమురు కంపెనీలు పారిపోలేదు. మా వారి ఉద్యోగం ఉంది, ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు పరిస్థితి? మారింది, కానీ సరిపోలేదు. మేం తర్వాత ఓక్లహోమా సిటీ శివారుకి మారాం, ఇక్కడ ఐదు రోజుల స్కూలే. 2023లో ఇంకోసారి జీతాలు పెరిగాయి. కానీ చుట్టుపక్కల రాష్ట్రాలూ పెంచుకున్నాయి, మంచి టీచర్లు ఇంకా వెళ్తూనే ఉన్నారు. పూర్తి అర్హత లేకుండా ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద పాఠం చెప్పేవాళ్లు 2017-18లో దాదాపు 2 వేలుండేవాళ్లు, తర్వాత ఆ లెక్క 4 వేలు దాటింది. మా పాపకి హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పడానికి ఒక ఏడాదిలో ముగ్గురు మారారు, అది మేం ఇంట్లో పూడ్చుకోవాల్సి వచ్చింది. మీ పిల్లలు హైస్కూలు వయసువాళ్లయితే సైన్సు, లెక్కల టీచర్లు ఎన్నేళ్లుగా ఉన్నారో అడిగి తెలుసుకోండి. 2023లో చేసిన చట్టంతో 2024 నుంచి ప్రైవేటు స్కూల్లో చదివించే వాళ్లకి పిల్లకి 5,000 నుంచి 7,500 డాలర్ల దాకా టాక్స్ క్రెడిట్ ఇస్తున్నారు, మన వాళ్లలో చాలామంది దీని గురించే అడుగుతారు. వాడుకోవడం మీ ఇష్టం. నాకు మాత్రం, అంత కష్టపడి 36వ ఓటు తెచ్చుకుని వసూలు చేసిన రాష్ట్రంలో ఖజానా సొమ్ము మళ్లీ బయటికి వెళ్తోందంటే మనసొప్పదు.

అడ్మిషన్‌కి అద్దె అగ్రిమెంటు లేదా కరెంటు బిల్లు, పాస్‌పోర్టు, టీకాల కాగితాలు తీసుకెళ్లండి. ఇండియాలో వేయించిన టీకాలు చెల్లుతాయి, తేదీలు స్పష్టంగా ఉండాలి, తక్కువైనవి కౌంటీ హెల్త్ డిపార్టుమెంటులో వేయించుకోవచ్చు. ఇల్లు అద్దెకు తీసుకునే ముందే ఆ డిస్ట్రిక్టు నాలుగు రోజులా ఐదు రోజులా కనుక్కోండి. ఆగస్టు రెండో వారానికల్లా తెరిచేస్తారు. లిస్టులో ఒక కాగితాల కట్ట అడిగితే రెండు ఇవ్వండి.

పాప మొన్న మేలో హైస్కూలు ముగించింది, ఆ పక్క స్టిల్‌వాటర్‌లో కాలేజీలో చేరింది, టీచర్ అవుతానంటోంది, మా వారు ఇంకా ఏమీ అనలేదు. మా వాడు ఇప్పుడు ఐదో క్లాసు. ఆగస్టులో సోషల్ పుస్తకం తెచ్చుకున్నాడు, వెన్నుకి టేపు లేదు. అట్ట తెరిచి చూశాను. గీతలన్నీ ఖాళీగానే ఉన్నాయి, పైన ఇద్దరి పేర్లు, మూడో గీత మీద వాడిది.